కుట్టేసిన జేబులు

మీరే. ఇంకెవరు? మెడలో స్టెతస్కోప్ వేలాడేసుకుని, కుక్క మొహం కూడా చూడకుండా "ఏం పెట్టారు దీనికి?" అని గద్దించినవాళ్ళు మీరే. గోడ మీంచి తల పెట్టి "ఏదో అడ్డమైన గడ్డీ తినుంటుందిలే" అని తీర్పు చెప్పినవాళ్ళు మీరే. వాంతి చేసుకున్న కుక్కని వదిలేసి, దానికి ముద్ద పెట్టిన చేతిని బోనులో నిలబెట్టిన ఇంటివాళ్ళూ మీరే. కుక్క కక్కిందంటే ఎవరో ఏదో పెట్టే ఉంటారు. ఈ ఒక్క ముక్క మీకు కంఠతా వచ్చు. రెండో ముక్క రాదు. రాకపోతే తప్పులేదు, నేర్చుకోవచ్చు. నేర్చుకోవాల్సిందేమీ లేదనుకున్నారు చూడండి, అక్కడే ఒక ముసలాయన పరువూ ఒక మూగజీవి ప్రాణమూ మీ కాళ్ళ కింద పడి నలిగాయి.

ఆ ముసలాయన సీటు కవర్ల షాపు మామగారు. వీధిలో అందరికీ ఆయన మామగారే. షాపు నడిపేది ఆయన కోడలు. "మామయ్యా!" అని ఆమె వేసే కేక వీధి చివర సైకిల్ షాపుదాకా వినపడుతుంది, అక్కడివాళ్ళు కూడా ఉలిక్కిపడి పనిలో పడతారు.

ఇంటి ముందుగదే షాపు. గోడవారన రెక్సిన్ చుట్టలు, మూలన ఫోమ్ పలకలు, మధ్యలో కత్తిరింపు బల్ల, కిటికీ దగ్గర కోడలి కుట్టుమిషన్. ఆమె మొగుడు బల్ల దగ్గర కొలిచి కోస్తాడు. మామగారు గడప పక్కన పీట వేసుకుని పాత కుర్చీల ఒళ్ళు విప్పుతాడు. పిన్నులు పీకడం, చివికిన గుడ్డ లాగెయ్యడం, స్ప్రింగులు సరిచెయ్యడం ఆయన పని. కొత్త గుడ్డ బిగించేటప్పుడు చిన్న మేకులు పెదాల మధ్య పెట్టుకుని ఒక్కొక్కటే తీసి కొడతాడు. గాలితో పిన్నులు కొట్టే గన్ వచ్చాక కూడా ఆ అలవాటు మానలేదు. అందుకే పని వేళ ఆయన మాట సగమే బయటికొస్తుంది, మిగతా సగం మేకుల వెనక ఉండిపోతుంది. పోట్లాటల్లో అది కోడలికి బాగా కలిసొచ్చింది.

కుక్క పేరు సోఫా. ఆ పేరు ఎవరూ ఆలోచించి పెట్టింది కాదు. బాగుచెయ్యమని తెచ్చిన ఒక పాత సోఫా అడుగుగుడ్డ కోస్తే, స్ప్రింగుల మధ్య గుప్పెడంత కుక్కపిల్ల ముడుచుకుని కనపడింది.

"ఇది మాది కాదమ్మా" అన్నాడు సోఫా సొంతదారు.

"సోఫా మీదే కదండీ?"

"సోఫా మాదే. లోపలిది మాది కాదు."

అలా మిగిలిపోయింది. ఇప్పుడది ఎదిగిన ఆడకుక్క. గోధుమరంగు ఒళ్ళు, ఒక చెవి నిక్కబొడుచుకుని, ఒక చెవి వాలిపోయి ఉంటుంది. మామగారి పీట పక్కనే పడక. ఆయన లేస్తే లేస్తుంది, కూర్చుంటే కూర్చుంటుంది. ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ ఓ బిస్కెట్ ముక్క ఉంటుంది. అది ఎవరికోసమో ఆయనా చెప్పడు, సోఫా కూడా చెప్పదు.

మొదటిసారి అది పడిపోయిన రోజు షాపులో ఊపిరాడని పని. స్కూలు బస్సుల సీట్లన్నీ ఒకేసారి వచ్చి పడ్డాయి. పిన్నుల గన్‌కి గాలి కొట్టే కంప్రెసర్ మోత, వచ్చేపోయే మనుషులు, వంటకి తీరిక లేక బయటినుంచి తెప్పించిన భోజనం పొట్లాలు. సాయంత్రానికి సోఫా నురగ కక్కింది. ఇంకాసేపటికి తిన్నదంతా కక్కింది. రాత్రి నీళ్ళు కూడా ముట్టలేదు. తెల్లారేసరికి వెనక కాళ్ళు వణుకుతున్నాయి, లేవబోయి కూలబడుతోంది.

కోడలు దాన్ని పాత కర్టెన్‌లో చుట్టి ఎత్తుకుని కుక్కల ఆసుపత్రికి పరిగెత్తింది. వెనకాలే మామగారు.

ఆ ఆసుపత్రిలో ఒక కాంపౌండర్ ఉన్నాడు. అందరూ సెలైన్ బాబాయ్ అంటారు. గుమ్మంలో "వాంతులు" అన్న మాట చెవిన పడితే చాలు, కుక్క బల్ల ఎక్కేలోపు సీసా వేలాడుతుంది. ముందుకాలి మీద కాస్త బొచ్చు గీకి, సూది దించి, గొట్టం తగిలించి, చేతులు దులుపుకుంటాడు. ఎంత బక్కచిక్కిన కుక్కకైనా నరం దొరకబుచ్చుకుంటాడు. డాక్టరు వచ్చేది ఆ తర్వాతే. జనం అది చూసి మురిసిపోతారు. వచ్చీరాగానే వైద్యం మొదలైపోయిందని వాళ్ళ సంబరం.

"పేషెంటు పేరు?" అన్నాడు బాబాయ్.

"సోఫా."

"జబ్బు చేసింది కుక్కకా, సామానుకా?"

"బాబాయ్, నవ్వే ఓపిక లేదు నాకు."

"నీకు లేకపోతే నేను నవ్వుతాలేమ్మా. మధ్యాహ్నానికి ఇది తోకూపకపోతే నా పేరు మార్చుకుంటా."

నిజంగానే ఊపింది. అక్కడే వచ్చింది తంటా అంతా. సెలైన్ ఎక్కగానే లేచి కూర్చుంది, నీళ్ళు తాగింది, మామగారి చెయ్యి నాకింది. పెద్ద డాక్టరు పక్క బల్ల మీద పిల్లికి కట్టు కడుతూ మెడ మాత్రం ఇటు తిప్పి అడిగాడు. "ఏం తింది?"

కోడలు మామగారి వైపు చూసింది. మామగారు నేల వైపు చూశాడు.

"నిన్న పొట్లంలోది ఒక ముద్ద…" అన్నాడు. నోట్లో మేకులు లేకపోయినా మాట సగమే వచ్చింది.

"ఇంకేం, అదే" అన్నాడు పెద్ద డాక్టరు. కేసు అయిపోయింది.

అయిపోలేదు. కొన్నాళ్ళకి మళ్ళీ పడింది. మళ్ళీ సీసా, మళ్ళీ తోక. ఈసారి మామగారు నోట్లో పెట్టుకునే మేకుల మీదకి పోయింది అనుమానం. నేల మీద పడ్డ మేకేదో నాకేసి ఉంటుందని ఎక్స్‌రే తీశారు. మేకు లేదు. ఫోమ్ ముక్క అయితే ఎక్స్‌రేలో కనపడదు కాబట్టి తెల్లటి మందు తాగించి మళ్ళీ తీశారు. ఆ మందు గొంతు నుంచి తోకదాకా ఏ అడ్డూ లేకుండా హాయిగా నడిచిపోయింది. నులిపురుగుల మందు వేశారు. మెత్తటి అన్నం తప్ప ఏమీ పెట్టొద్దన్నారు. ఒకసారి రక్తం కూడా తీశారు. ఎప్పుడు? రాత్రంతా సెలైన్ ఎక్కించి, పొద్దున అది చెంగుచెంగున గెంతుతున్నప్పుడు. అంతా నార్మల్ అని వచ్చింది. ఆ నార్మల్ కొంప ముంచింది. జబ్బేమీ లేదంటే ఇక తప్పు తిండిదే. తిండిదంటే పెట్టినవాడిదే.

"నాన్నా, నీ ప్రేమే దీన్ని చంపేట్టుంది" అన్నాడు కొడుకు.

ఎదురింటి టీచరమ్మ ఒక మెట్టు పైకెక్కింది. "ముసలాళ్ళకి చెప్పినా వినపడదమ్మా. పిల్లలకీ అంతే, కుక్కలకీ అంతే, ఏదోటి నోట్లో కుక్కేస్తారు" అని వీధంతా వినేలా అంది. మామగారికి బాగానే వినపడింది.

తర్వాతిసారి అది పడినప్పుడు తోక ఊపడానికి మధ్యాహ్నం సరిపోలేదు, మర్నాడు పట్టింది. పెద్ద డాక్టరు చెయ్యి కడుక్కుంటూ అన్నాడు. "ప్రతిసారీ ఇంకాస్త లోతుకి పోతోంది. ఏదో ఒకసారి పైకి రాదు. ఇంట్లో చెయ్యి అదుపులో పెట్టుకోండి."

ఇంట్లో చెయ్యి అంటే ఎవరిదో అందరికీ తెలుసు. ఇంటికొచ్చాక కొడుకు కత్తెర బల్ల మీద పడేశాడు. "ఇంకోసారి ఇలా అయిందంటే గోడౌన్ వాచ్‌మన్‌కి ఇచ్చేస్తా. కాపలాకి కుక్క కావాలంటున్నాడు. అక్కడ గొలుసు వేసి కట్టేస్తాడు, ఎవరూ ఏమీ పెట్టరు. బతుకుతుంది."

"గొలుసుతో పడిపోతే ఎవరు చూస్తార్రా దాన్ని?" అన్నాడు మామగారు.

"ఇక్కడ చూసి ఏం బాగుచేశావ్?"

ఆ మాట కోడలికి కూడా గుచ్చుకుంది. కానీ ఆమె మాటలతో ఊరుకునే మనిషి కాదు. ఏం జరిగినా కుట్టి సరిచెయ్యాల్సిందే, అదీ ఆమె తత్వం. దోమతెర గుడ్డా, రెక్సిన్ పట్టీలూ తీసుకుని మిషన్ ముందు కూర్చుంది. కుక్క మూతికి సరిపడా ఒక సంచీ కుట్టింది. గాలి ఆడుతుంది, నీళ్ళు నాకొచ్చు, ముద్ద మాత్రం లోపలికి పోదు. మూతి దగ్గర చుట్టూ మెత్తటి ఫోమ్ అంచు కూడా వేసింది, ఒరుసుకోకుండా. సోఫాకి తొడిగితే అది తల వంచుకుని, కొత్తచొక్కా వేసిన పసివాడిలా కదలకుండా నిలబడింది.

తర్వాత మామగారి చొక్కాలు తెచ్చింది. ఒక్కొక్కటీ మిషన్ కింద పెట్టి జేబు మూతి కుట్టేసింది. రెండు వరసలు.

మామగారు పీట మీంచే చూశాడు. "అమ్మాయ్, ఏంటది?"

"జేబులు కుడుతున్నా మామయ్యా."

"చిరగలేదుగా."

"చిరక్కపోయినా కుడుతున్నా."

ఆయన కళ్ళజోడు తీసి చూపించాడు. "కళ్ళజోడు పెట్టుకోడానికైనా ఒకటి వదలమ్మా."

"మెడలో తాడు కట్టి వేలాడేసుకోండి."

"తాడు నాకా, కళ్ళజోడుకా?"

మొగుడు ఫక్కున నవ్వాడు. కోడలికి నవ్వొచ్చినా మిషన్ ఆపలేదు. దారం తెంపి, చొక్కా మడతపెట్టి ఇచ్చింది. మామగారు అది తొడుక్కుని వెళ్ళి మళ్ళీ పీట మీద కూర్చున్నాడు. మర్నాటినుంచీ సోఫాకి తిండి కోడలి చేత్తోనే. కొలిచి పెట్టేది, అది తినేదాకా నిలబడేది, మూతికి సంచీ తొడిగేది. మామగారు దగ్గరికి పిలవడం మానేశాడు. సోఫా మాత్రం ఆయన పక్కన పడుకోవడం మానలేదు. బిస్కెట్ లేని జేబుని ఓసారి వాసన చూసి, తల పాదాల మీద పెట్టుకునేది.

వారాలు గడిచాయి. కుక్క కులాసాగా ఉంది. "చూశారా?" అంది కోడలు. చూశారా అంటే మామగారు ఏం చెప్తాడు? తను పెట్టకపోతే కుక్క బాగుంటుందని ఒప్పుకోవాలి. ఒప్పుకున్నట్టే తలూపాడు.

అప్పుడొచ్చింది హాలు కుర్చీల ఆర్డరు. సభలు జరిగే పెద్ద హాల్లోని కుర్చీలన్నీ. వ్యాన్ మీద వ్యాన్. గదిలో, వసారాలో, వీధిలో కుర్చీలే. పొద్దున్నుంచీ కంప్రెసర్ ఆగలేదు. కొత్త మనుషులు సోఫా మీంచి దాటుకుంటూ నడుస్తున్నారు. పొట్లాలు వచ్చాయి. కోడలు తన పొట్లం కూడా కుక్కకి అందనంత ఎత్తులో, అల్మారా మీద పెట్టి తింది.

మధ్యాహ్నం దాటాక సోఫా లేవలేదు. ఒళ్ళంతా సన్నగా వణుకు. మూతి సంచీలోంచి పసుపుపచ్చ నురగ కారింది. కోడలు కుర్చీల మీంచి దూకినట్టు వచ్చి సంచీ లాగేసింది. ఇంకొంచెం ఆలస్యమైతే ఆ కక్కు అందులోనే చిక్కి ఊపిరాడేది కాదు. అంత మెత్తగా, అంత శ్రద్ధగా కుట్టిన సంచీ. దాన్ని చేతిలో తిరగేసి చూసింది.

"నాన్నా, ఏం పెట్టావ్?" అని అరిచాడు కొడుకు. ఆలోచించి అన్నమాట కాదు. నోటికి అలవాటైపోయింది.

మామగారు నోట్లో మేకులన్నీ అరచేతిలోకి ఉమ్మేశాడు. లేచి నిలబడ్డాడు.

"జేబు చూడరా" అన్నాడు.

కోడలు చూసింది. తన కుట్టు తనకి తెలియదా? రెండు వరసలూ ఎక్కడివక్కడే ఉన్నాయి, ఒక్క పోగు కదల్లేదు. సంచీ పట్టీ తను పొద్దున వేసిన ముడితోనే ఉంది. ఈ కుక్క తన చేతి ముద్ద తప్ప ఇంకేమీ తినలేదు. తినే వీలు లేకుండా కుట్టింది తనే. ముసలాయన్ని దొంగని చెయ్యడానికి వేసిన కుట్టు ఇప్పుడు ఆయన తరఫున సాక్ష్యం చెప్తోంది.

"ఆయన పెట్టలేదు" అంది.

"మరెవరు పెట్టారు?"

"ఎవరూ పెట్టలేదండీ! పెట్టడం వల్ల వచ్చింది కాదిది. ఇన్నాళ్ళూ మనం పట్టుకున్నది తప్పు మనిషినే కాదు, తప్పు రోగాన్ని కూడా." మామగారి వైపు తిరిగింది. "పదండి మామయ్యా. చొక్కా మార్చుకోకండి. ఇలాగే రండి."

ఆసుపత్రిలో ఆ రోజు పెద్ద డాక్టరు సెలవు. ఆయన బదులు ఒక డాక్టరమ్మ కూర్చుని ఉంది. కొత్త మనిషి, నిద్ర చాలని కళ్ళు, జడలో ఓ పెన్ను. గుమ్మంలో కోడలు అడుగుపెట్టగానే సెలైన్ బాబాయ్ సీసా అందుకున్నాడు.

"మళ్ళీ సోఫాయేనా? తీసుకురామ్మా, బల్ల ఖాళీగానే ఉంది" అంటూ ముందుకాలు పట్టుకుని సూది దించేశాడు. కళ్ళు మూసి తెరిచేలోపు.

డాక్టరమ్మ వచ్చింది. చిగుళ్ళు నొక్కి చూసింది, మెడ మీద తోలు పైకి లాగి వదిలింది. ఆ తోలు తిరిగి సర్దుకోవడానికి బద్ధకించింది. స్టెతస్కోప్ పెట్టి, "ఏం తింది?" అని అడిగింది.

అంతే. కోడలికి ఎక్కడలేని కోపం ముంచుకొచ్చింది.

"ఏమీ తినలేదు డాక్టరమ్మా! ఏమీ తినలేదు! కావాలంటే చూడండి!" మామగారి చొక్కా పట్టుకుని ముందుకి లాగింది. "ఈ జేబు చూడండి. నేనే కుట్టా. ఆయన బిస్కెట్ పెడుతున్నాడని కుట్టా. దీని మూతి కుట్టా. ఇంకేం కుట్టమంటారు? అయినా కక్కింది. వచ్చిన ప్రతిసారీ ఏం తింది, ఏం తింది! ఇంకో ప్రశ్న లేదా మీ దగ్గర?"

డాక్టరమ్మ జేబు చూసింది. వేలితో కుట్టు తడిమింది. పెదవి చివర నవ్వు మొదలై మధ్యలో ఆగిపోయింది. స్టెతస్కోప్ ఇంకా కుక్క గుండె మీదే ఉంది, ఏదో విన్నట్టు అటు వంగింది.

"బాబాయ్, ఆగు. గొట్టం తగిలించకు."

"సూది దిగిపోయిందమ్మా, తగిలించడమే తరువాయి…"

"తగిలించొద్దన్నానా?" మామగారి వైపు తిరిగింది. "తాతగారూ, ఇంకో ప్రశ్న ఉంది నా దగ్గర. ఇది ఎప్పుడు పడిపోతుంది?"

ఇన్నాళ్ళలో ఆయన్ని నేరం కానిది ఒకటి అడిగినవాళ్ళు లేరు. ఆయన తడబడ్డాడు. "ఎప్పుడంటే… మనుషులు ఎక్కువగా వచ్చినప్పుడమ్మా. మోత ఎక్కువైనప్పుడు. పెద్ద పని పడిన రోజు దీనికి కాళ్ళు ఆడవు."

"ఆ రోజుల్లోనే పొట్లాలూ వస్తాయి" అంది కోడలు నెమ్మదిగా. చెప్తుండగానే ఆమెకి వెలిగింది. ఇన్నాళ్ళూ పొట్లాన్ని పట్టుకున్నారు, పక్కనే ఉన్న మోతని వదిలేశారు.

"సెలైన్ పెడితే?"

"లేచి కూర్చుంటుంది" అన్నాడు బాబాయ్ గర్వంగా. "ఏ మందూ అక్కర్లేకుండానే."

"అదే నాకు నచ్చడం లేదు. మామూలు కడుపు పాడైతే ఇంత చచ్చి ఇంత సులువుగా లేవదు. ఇంకోటి. ఒంట్లో నీరు ఇంతలా ఎండిపోయిన కుక్క గుండె పరిగెత్తాలి. ఇది చూడండి, సాయంత్రం షికారుకెళ్ళినట్టు నింపాదిగా నడుస్తోంది." చెయ్యి చాపింది. "ట్యూబ్ ఇవ్వు బాబాయ్. ముందు రక్తం. అదే సూదిలోంచి. తర్వాత నీ సీసా."

బాబాయ్ చిన్నబుచ్చుకున్నాడు. "ప్రాణం మీదున్న కుక్కకి ఆలస్యం చేస్తే ఎలాగమ్మా?"

"నువ్వు నరం పట్టినంతసేపు కూడా పట్టదు."

పట్టలేదు. సూది చివర ట్యూబ్ ఆనించింది, రక్తం దిగింది, తీసి పక్కన పెట్టింది, గొట్టం తగిలించమని కనుసైగ చేసింది. అంతే పని. ఇన్నాళ్ళూ ఎవరూ చెయ్యనిది అంతే.

రక్తం పరీక్షించే మిషన్ లోపల గదిలో గురగురలాడింది. మామగారు సోఫా తల మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. కాగితం వచ్చాక డాక్టరమ్మ అది తీసుకొచ్చి వాళ్ళ పక్కనే బల్లకి ఆనుకుంది.

"ఒంట్లో రెండు ఉప్పులుంటాయి తాతగారూ. ఒకటి ఉండాల్సినదానికంటే బాగా తక్కువుంది, ఇంకోటి గుండెని ఆపేసేంత ఎక్కువుంది. మూత్రపిండాల మీద రెండు చిన్న గ్రంథులుంటాయి. ఒంటికి కష్టం వచ్చినప్పుడు తట్టుకునే మందు తయారుచేసేవి అవే, ఈ ఉప్పుల్ని అదుపులో పెట్టేవీ అవే. దీనిలో అవి పనిచెయ్యడం మానేశాయని నా అనుమానం. మామూలు రోజు ఎలాగో నెట్టుకొస్తుంది. మోత, జనం, కంగారు వస్తే చేతులెత్తేస్తుంది. వాంతులూ, వణుకూ అందుకే."

"మరి సెలైన్‌తో ఎలా లేస్తోంది?" అన్నాడు బాబాయ్.

"సెలైన్ ఏంటి బాబాయ్? ఉప్పునీళ్ళేగా. తక్కువైనదాన్ని నింపుతుంది, ఎక్కువైనదాన్ని కడిగేస్తుంది. ఆ తర్వాత రక్తం తీస్తే ఏం కనపడుతుంది?"

బాబాయ్ సీసా వైపు చూశాడు. "అంటే నా చేత్తోనే నేను…"

"నీ సీసానే దీన్ని ప్రతిసారీ బతికించింది. రోగాన్ని దాచింది కూడా అదే. ఇందులో నీ తప్పు లేదు, మా అందరి తొందర ఉంది." కోడలి వైపు తిరిగింది. "ఇంకా అనుమానమే సుమా. పేగుల్లో కొన్ని పురుగులు కూడా ఇదే వేషం వేస్తాయి, మలం చూస్తాను. ఒక ఇంజెక్షన్ ఇచ్చి, ముందోసారీ తర్వాతోసారీ రక్తం తీసి పంపుతాను. ఆ గ్రంథులు పలుకుతాయో లేదో తేలిపోతుంది. ఈలోగా బతకడానికి కావాల్సిన మందు ఇప్పుడే మొదలుపెడతా."

"తగ్గుతుందా?" అన్నాడు మామగారు. ఇంకోసారి అడిగాడు. "తగ్గుతుందా అమ్మా?"

"నా అనుమానం నిజమైతే పూర్తిగా పోదు. రోజూ మాత్ర వెయ్యాలి, బతికినన్నాళ్ళూ. వేస్తే బతికినన్నాళ్ళూ అంటే చాలా ఏళ్ళు. మిగతా కుక్కల్లాగే. షాపులో పెద్ద పని ఉన్న రోజు కాస్త ఎక్కువ వెయ్యాలి, ముందే. ఆ సంగతి గమనించే మనిషి ఒకరుండాలి ఇంట్లో."

అందరూ ఒక్కడి వైపే చూశారు. ఈసారి బోను లేదు.

డాక్టరమ్మ మాత్రల పొట్లం మామగారి చేతిలో పెట్టింది. ఆయన అలవాటు చొప్పున జేబులో వేసుకోబోయాడు. పొట్లం కుట్టు మీంచి జారి కింద పడింది. కోడలు వంగి అది తీసింది. మెడలో వేలాడే దారం కత్తెర పట్టుకుని, ఆసుపత్రి మధ్యలో, అందరూ చూస్తుండగా, ఆయన ఛాతీ మీదున్న రెండు వరసలూ విప్పింది. చివరి పోగు లాగుతూ, "మిగతా చొక్కాలు ఇంటికెళ్ళాక తెచ్చి మిషన్ మీద పడేయండి మామయ్యా" అంది.

"ఎందుకు? ఈసారి ఏం కుడతావమ్మాయ్, నోరా?"

"మీది కాదు. మీ అబ్బాయిది. ఎదురింటి టీచరమ్మది. మొదట నాది."

ముసలాయన నవ్వాడు. బల్ల మీద సోఫా ఒక కన్ను తెరిచి, తోక చివర కొంచెం కదిలించింది.

పరీక్ష డాక్టరమ్మ అనుమానమే ఖాయం చేసింది. పురుగులు లేవు. మందు పట్టాక సోఫా ఒళ్ళు చేసింది, బొచ్చు నిగనిగలాడింది, వ్యాన్ వచ్చినప్పుడు డ్రైవరుని చూసి మొరిగేంత పొగరు కూడా వచ్చింది. గోడౌన్ వాచ్‌మన్ అడిగితే కొడుకు, "ఇది పేషెంటు అన్నా, కాపలాకి పనికిరాదు. అసలు దీనికే మా నాన్న కాపలా" అన్నాడు. మొదటిసారి తండ్రి ముందు, తండ్రి గురించి, మంచిగా.

మళ్ళీ రక్తం చూపించడానికి వెళ్ళిన రోజు పెద్ద డాక్టరు ఉన్నాడు. కాగితాలన్నీ తిరగేసి, "బాగా దొరికింది. అరుదైన జబ్బు" అన్నాడు, తనకి సంబంధం లేనట్టు. కోడలు నోరు తెరవబోతుండగా గుమ్మంలో గొడవ. ఇద్దరు అక్కచెల్లెళ్ళు ఒక నల్ల కుక్కని మోసుకొస్తున్నారు. కుక్క నోటినుంచి నురగ.

"నువ్వే అక్కా! పొయ్యి దగ్గర నువ్వేగా ఉన్నావ్, నువ్వే ఏదో పడేసుంటావ్!"

"నా పిల్లల మీద ఒట్టే, నేనేం పెట్టలేదే!"

సెలైన్ బాబాయ్ సీసా అందుకున్నాడు. అందుకుని, అలాగే పట్టుకుని నిలబడ్డాడు. పెద్ద డాక్టరు వైపు చూశాడు. "ముందు రక్తం తియ్యనా సార్?"

"ఎందుకయ్యా? వచ్చే వాంతుల్లో చాలావరకు తిండి పడకే. ప్రతిదానికీ పరీక్షలంటే జనం కొట్టడానికి వస్తారు."

కోడలు సోఫాని మామగారికి అప్పగించి, బల్లకి అడ్డంగా వచ్చి నిలబడింది.

"పరీక్ష చెయ్యమని ఎవరన్నారు డాక్టరుగారూ? తీసి పెట్టమంటున్నాం. సూది ఎలాగూ దింపుతారు. అదే సూదిలోంచి, సీసా తగిలించకముందు, ఒక ట్యూబుడు తియ్యండి. పక్కన పెట్టండి. పంపాలా వద్దా అని తర్వాత తీరిగ్గా ఆలోచించుకోండి. సెలైన్ ఎక్కాక ఆ రక్తం మళ్ళీ దొరకదు. మా కుక్క ఎన్నిసార్లు చావుదాకా పోయి వచ్చిందో మీకు తెలుసు. మళ్ళీ వచ్చిన కుక్కని కూడా మీరు మొదటిసారి చూసినట్టే చూశారు. ఇకమీదట అలా కుదరదు. ఎప్పుడెప్పుడు పడుతోందో అడగండి. ఆ రోజు ఇంట్లో ఏం జరిగిందో అడగండి. ముద్ద పెట్టిన చేతిని తిట్టే ముందు ఇవన్నీ చెయ్యండి. బాబాయ్, సెలైన్ పెట్టే ట్రే ఎక్కడుంది? అందులో ఖాళీ ట్యూబులు పెట్టు. రేపు కాదు, సార్ మీటింగు పెట్టాక కాదు. ఈ నల్లకుక్కకి గొట్టం తగిలించేలోపు పెట్టు!"